ఇసుక మీద చెక్క గది

భావనపాడు,
12 జూన్ 2024.

అక్కయ్యకు విశాలి నమస్కారాలు.

ఏప్రిల్ నుంచి ఎన్నిసార్లు ఫోను చేసినా నువ్వు ఎత్తడం లేదు. ఎప్పుడైనా ఎత్తితే "బాగానే ఉన్నాం, పనిలో ఉన్నాను" అని పెట్టేస్తున్నావు. నెల్లిమర్ల పెళ్ళిలో నావల్ల ఏదో పొరపాటు జరిగిందని మాత్రం అర్థమవుతోంది. ఏమిటో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం. కాగితమైతే కోపంగానైనా చివరిదాకా చదువుతావు.

మేం విజయనగరం వదిలి ఇక్కడికొచ్చి ఏడాది దాటింది. మీ మరిది పొద్దున్నే లేచి వాళ్ళ తాతల నాటి గుడిలో అర్చన చేసుకుని వస్తారు. ఆయనకు కాలక్షేపం అయిపోతోంది. నాకే, ముప్పై ఏళ్ళు సంగీతం క్లాసులు చెప్పిన నోటికి, ఒక్కసారి పని లేకుండా పోయింది. చీకటితో లేచి ఒక్కదాన్నే పాడుకునేదాన్ని. ఒకరోజు చేపలు అమ్ముకునే గున్నమ్మ గంప దించి, "అమ్మగోరూ, మీరు పాడతంటే మా మనవరాలు రాణి గోడకాడే నిల్సుండిపోతంది. బడికి పొమ్మన్నా పోదు. దానికి కూడా నాలుగు ముక్కలు సెప్పండి" అంది. రాణితో మొదలైంది. ఇప్పుడు పదకొండు మంది.

ఇంట్లో ఉన్నవి రెండు గదులు. పిల్లలొస్తే మీ మరిది వీధిలో నిలబడాలి. టెక్కలిలో ఒక గెస్ట్‌హౌస్ వాళ్ళు తోటలో ఉన్న చెక్క గదిని విప్పి అమ్మేస్తుంటే కొనేశాం. పది అడుగులకు పన్నెండు అడుగులు. మంచి టేకు. పలకల మీద సుద్దతో నంబర్లు వేసి లారీలో పంపారు. పెరట్లో టార్పాలిన్ కింద పడుకుని ఉంది. గోడలున్నాయి, కప్పు ఉంది, తలుపుంది, కింద పునాది ఒక్కటే లేదు. "కింద గట్టిగా లేకపోతే ఆర్నెల్లలో తలుపు పట్టదు, ఏడాదిలో చెక్క పుచ్చిపోద్ది" అని అమ్మినాయన చెప్పాడు.

నువ్వు ఇంజినీరింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ప్లాన్లు గీసినదానివి. నీకంటే తెలిసినవాళ్ళు నాకెవరున్నారు? మా పెరడంతా ఇసుక. రెండు కొబ్బరి చెట్లు తప్ప ఇంకేం లేవు. సముద్రం అర కిలోమీటరు కూడా ఉండదు. ఏం చెయ్యాలో వివరంగా రాయి. నువ్వు ఏం రాస్తే అదే కట్టిస్తాను.

రాగసుధను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
విశాలి


గరివిడి,
20 జూన్ 2024.

చిరంజీవి విశాలికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. పెళ్ళి సంగతి వదిలెయ్యి. గుర్తులేని వాళ్ళకు గుర్తుచేసి లాభం లేదు.

రిటైరయ్యాక నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, నీకు శిష్యులు వచ్చారు. ఎవరి రాత వాళ్ళది. నువ్వు ఎక్కడికి వెళ్ళినా గోడ అవతల ఎవరో ఒకరు నిలబడి వింటూనే ఉంటారు. చిన్నప్పుడు పక్కింటివాళ్ళు, ఇప్పుడు చేపలవాళ్ళు.

నేనూ ఒక చెక్క షెడ్డు కట్టాను, నీకు తెలుసో లేదో. మీ బావ పోయిన మరుసటి ఏడు ఆయన పనిముట్లు పెట్టడానికి పెరట్లో కట్టించాను. కొలతలు నావే, పునాది నేనే దగ్గరుండి వేయించాను. నాలుగు వానాకాలాలు పోయినా వెంట్రుకవాసి కదల్లేదు. నువ్వు రెండుసార్లు వచ్చి కూడా దాని వైపు చూడలేదు. వరండాలో కూర్చుని నా కూతురు రాగసుధ చేత కృతులు పాడించుకుని వెళ్ళిపోయావు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. బొమ్మ కూడా గీసి పంపుతున్నాను.

ముందు నాలుగు మేకులు పాతి పురికొస కట్టు. ఎదురెదురు మూలల మధ్య కొలిస్తే రెండు కొలతలూ ఒకటే రావాలి. అంగుళం తేడా ఉన్నా గది వంకరపోతుంది. గది కంటే చుట్టూ జానెడు ఎక్కువ తీసుకుని గడ్డి, పైమట్టి జానెడు లోతు ఎత్తించు. అందులో గ్రావెల్ రెండు వరసలుగా పోయించి, తడిపి, ఒక్కో వరసా దిమ్మిసతో బాగా కొట్టించు. మడమతో తన్నితే గుంట పడకూడదు. దాని మీద అడుగు ఎత్తున తొమ్మిది ఇటుక దిమ్మలు, మూడు వరసల్లో మూడేసి. అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో నీళ్ళ గొట్టంతో చూడాలి. కంటితో చూసి సరిపోయిందనుకోవద్దు. దిమ్మల నెత్తిన తారు షీటు ముక్కలు పరిస్తే చెమ్మా చెదలూ పైకి రావు. వాటి మీద అడ్డదూలాలు, వాటికి రెండు పూతలు తారు. నేలకూ చెక్కకూ మధ్య గాలి ఆడాలి. గోడలు ఆ తర్వాత.

నేను నా షెడ్డుకు చేసింది ఇంతే. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

రాగసుధ బ్యాంకు పరీక్షకు చదువుతోంది. దాన్ని పాటలతో చెడగొట్టకు.

చూడామణి


భావనపాడు,
8 జూలై 2024.

అక్కయ్యా,

నమస్కారాలు. నీ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొబ్బరిచెట్టుకు మేకు కొట్టి తగిలించాను. పని జరిగినన్నాళ్ళూ అదే మాకు శాస్త్రం. నిన్నటితో పునాది పూర్తయింది.

రాగసుధ ఇక్కడే ఉంది కదా. నీతో పది రోజులని చెప్పి వచ్చింది, రాగానే చున్నీ నడుముకు చుట్టి పనిలోకి దిగిపోయింది. నీళ్ళ గొట్టం ఒక కొస అది పట్టుకుంది, రెండో కొస నేను. నేను ఎత్తిన ప్రతిసారీ "పిన్నీ, నువ్వు ఊపిరి తీసినా మట్టం మారిపోతోంది" అని కసిరింది. ఒక కన్ను మూసి చూడడం అచ్చం నీ లాగే.

దిమ్మిస కొట్టినది గున్నమ్మ కొడుకు పోతురాజు. వేటకు వెళ్ళని రెండు రోజులు చూసుకుని వచ్చాడు. మంచి పనివాడే కానీ నోరు ఊరుకోదు. మొదటి రోజే పార పక్కన పెట్టి, "అమ్మా, ఇది ఇసక. పైన గ్రావెలు పోస్తే ఏటి లాభం? గట్టి వానొస్తే కింద నుంచి జారిపోతాది. నాలుగు మూలలా నడుం లోతు గుంటలు తీసి, సిమెంటు పోసి, ఇనప బోల్టులు దింపి గదిని కట్టీయాల. నేపోతే గాలికి తెప్పలాగ తేలిపోతాది సూడండి" అన్నాడు.

నేను కాగితం చూపించాను. "మా అక్క రాసింది చూడు. గుంటల మాట ఎక్కడైనా ఉందా? ఆవిడ గీసిన ప్లాన్ల మీద స్కూళ్ళు కట్టారు, వంతెనలు కట్టారు. అవసరమైతే రాయదా?" అన్నాను. తల గోక్కుని, "సదువుకున్నోలు సెప్పేరంటే మరి అంతే" అని మళ్ళీ దిమ్మిస అందుకున్నాడు. మీ మరిది కూడా "ఒకసారి వదినగారిని అడగరాదూ" అన్నారు. ఏమీ అక్కర్లేదు, అక్క రాసింది రాసినట్టు చెయ్యండి అన్నాను.

మడమతో తన్ని చూశాను. గుంట పడలేదు. ఎంత సంతోషమైందో!

రాగసుధ ఇంకో పదిహేను రోజులు ఉంటానంటోంది. ఉండనీ.

విశాలి


గరివిడి,
15 జూలై 2024.

విశాలికి,

ఉండనీ అని రాశావు. నన్ను అడిగి రాశావా, తెలియజేసి రాశావా?

నెల్లిమర్ల పెళ్ళిలో ఏం జరిగిందని అడిగావు కదా, చెప్తాను. నువ్వూ రాగసుధా పక్కపక్కన కూర్చుని పాడారు. అందరూ చేతులు కట్టుకుని విన్నారు. పెళ్ళికొడుకు మేనత్త నీ చెయ్యి పట్టుకుని "మీ అమ్మాయా? అచ్చు మీ గొంతే" అంది. నువ్వు నవ్వావు. కాదని అనలేదు. నేను మీ వెనకే, అరిటాకుల కట్ట పక్కన, నీ చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ తర్వాత నన్ను చూపించి "మా అక్కయ్య" అన్నావు. ఆవిడ "మీరూ పాడతారా?" అని అడిగింది. దానికీ నువ్వే జవాబు చెప్పావు, "అక్కయ్య లెక్కల మనిషండీ" అని.

లెక్కల మనిషిని. నాన్నగారు చేసిన లెక్క అది. మనిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆరు నెలలు సంగీతం చెప్పి, ఒకనాడు అమ్మను పిలిచి, "ఈ త్యాగరాజు మాస్టారి కూతురికే శ్రుతి నిలవట్లేదంటే నలుగురూ నవ్వుతారు, పెద్దదాన్ని లెక్కల ట్యూషన్‌కు పంపించు" అన్నారు. నాకు పదకొండేళ్ళు. నీకు ఏడు. నువ్వు చాప మీద నా చోటులోకి కూడా జరిగి కూర్చున్నావు.

నా బిడ్డకు రాగసుధ అని పేరు పెట్టింది నువ్వు. ఉగ్గు పెడుతూ పాటలు నేర్పింది నువ్వు. దానికి జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నది నేను, తెల్లారి లేచి అది అడిగింది నిన్ను. నీ గొంతు వినాల్సి వస్తుందనే ఫోను ఎత్తడం లేదు. నువ్వు "హలో" అన్నా నాకు ఎవరో మెచ్చుకుంటున్నట్టే వినిపిస్తుంది. ఈర్ష్య అంటావా? అను.

పోతురాజు సంగతి రాశావు. వాళ్ళ అనుభవం వాళ్ళది. గదిలో బరువులు పెట్టకు.

పిల్లను పంపించు.

చూడామణి


భావనపాడు,
3 ఆగస్టు 2024.

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కలం పట్టుకోలేకపోయాను.

ఆవిడ అడిగింది నాకు గుర్తొచ్చింది. నేను కాదనని మాట నిజం. నాకు పిల్లలు లేరని ఎప్పుడూ ఏడవలేదు, నీకు తెలుసు. ఆ ఒక్క నిమిషం మాత్రం ఆ మాట చెవికి బాగుంది. దిద్దాలని తోచేసరికి ఆవిడ వేరేవాళ్ళతో మాట్లాడుతోంది. నీ చేతిలో నా సంచీ ఉందన్న సంగతే నేను చూసుకోలేదు. తప్పు నాదే. చాప మీద చోటు గురించి మాత్రం, ఏడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది అక్కా?

గదిలో బరువులు పెట్టకు అన్నావు. అంటే హార్మోనియం పెట్టకు, పాఠం చెప్పకు అనేనా? అర్థమైంది. కానీ పెట్టేశాను. శ్రావణం దాకా ఆగలేక ఆషాఢంలోనే గది నిలబెట్టాం. పలకల నంబర్లు వరసగా సరిపోయాయి. తలుపు ఒక్క వేలితో తోస్తే మూసుకుంటోంది. ఊళ్ళోవాళ్ళు వచ్చి "ఎవరు సెప్పేరమ్మా ఈ పని?" అని అడిగితే గరివిడిలో మా అక్కయ్య అని చెప్పాను. ప్రతి ఒక్కరికీ చెప్పాను.

దాచడం ఇష్టం లేక ఇంకో మాట. రాగసుధ ఈసారి బ్యాంకు పరీక్ష రాయనంటోంది. దసరా దాకా ఇక్కడే ఉండి చిన్నపిల్లలకు తను పాఠాలు చెబుతుందట. గది నిలబెట్టిన రోజు నుంచే మంచం అందులో వేసుకుంది. కిటికీ తెరిస్తే సముద్రం గాలి వస్తుంది, పిన్నీ, నేనిక ఇక్కడే పడుకుంటాను అంది. నేను పంపించడం లేదని అనుకోకు. అది వెళ్ళడం లేదు.

విశాలి


భావనపాడు,
10 ఆగస్టు 2024.

అక్కయ్యా,

నాలుగు నెలలకు ఫోను చేశావు. నీ పేరు చూసి చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తాను. "దాన్ని ఇవాళే రైలెక్కించు. ఆ గదిలో పడుకోనివ్వకు" అన్నావు. ఎందుకన్నా చెప్పవు. ఏమైందన్నా చెప్పవు. "నేను తల్లిని, నేను చెప్తున్నాను" అన్నావు. నేను తల్లిని కానని ఇంకెన్ని రకాలుగా చెప్తావు?

నీ ఉత్తరం వచ్చాక నేను నా తప్పు ఒప్పుకున్నాను. నువ్వు మాత్రం ఆ గది మీద పగబట్టావు. ఆ గదిలో పిల్ల సంతోషంగా ఉండడం నువ్వు ఓర్వలేకపోతున్నావు. నువ్వు చెప్పి కట్టించిన గదే కదా అక్కా!

రాగసుధకు కూడా ఫోను చేశావట. అది ఏడుస్తూ కూర్చుంది. "ఇంట్లో పడుకోమంటోంది పిన్నీ, రేపు ఇల్లు వద్దంటుంది, ఎల్లుండి నువ్వు వద్దంటుంది" అంది. ఇప్పుడు ఎవరు చెప్పినా గది వదలనంటోంది.

ఇక నువ్వు ఫోను చేసినా నేను ఎత్తను. ఎత్తకపోవడం ఎలా ఉంటుందో నువ్వే నేర్పావు.

విశాలి


గరివిడి,
13 ఆగస్టు 2024.
(స్పీడ్ పోస్టు)

విశాలీ,

ముందు ఈ మాట చదువు. చదివిన వెంటనే పిల్ల మంచం ఇంట్లోకి తెప్పించు. గది నిలవదు.

పోతురాజు చెప్పిందే సరైనది. నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మేకులు, కొలతలు, గ్రావెల్, నీళ్ళ గొట్టం అన్నీ నిజమే. కానీ అది గరివిడి పునాది. ఇక్కడ జానెడు కింద పార దిగని ఎర్ర గ్రావెల్ ఉంది. నీ దగ్గర ఇసుక అని నువ్వు రాశావు, నేను చదివాను. ఇసుక నేలలో మూలలకు లోతు గుంటలు తీసి, గట్టి పొర తగిలేదాకా దిగి, కాంక్రీటు పోసి, బోల్టులతో దూలాలను పట్టించాలి. చుట్టూ నీళ్ళు ఇసుకను కోసుకుపోకుండా రాతి అంచు కట్టాలి. నాకు తెలుసు. తీర ప్రాంతం స్కూళ్ళకు నా చేత్తో గీశాను. నీ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు ఆ వాక్యం కలం కొస దాకా వచ్చింది. రాయలేదు.

ఎందుకు రాయలేదో కూడా చెప్తాను. గది కూలాలని కాదు, ఒట్టు. వానాకాలానికి కాస్త వంగాలి, తలుపు పట్టకూడదు, నువ్వు కంగారుపడి "అక్కా, నువ్వు వచ్చి చూడు" అని పిలవాలి. నేను వచ్చి నలుగురి ముందు సరిచెయ్యాలి. అందరూ నిన్ను వినడం మానేసి ఒక్కరోజు నన్ను చూడాలి. అంతే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అంత చిన్నగా లేదు.

"అవసరమైతే మా అక్క రాయదా" అని పోతురాజుతో అన్నావని చదివినప్పుడే చెప్పాల్సింది. బరువులు పెట్టకు అని మాత్రం రాశాను, దొంగచాటుగా తలుపు కొట్టినట్టు. రాగసుధ మంచం అక్కడ వేసుకుందని తెలిశాక ఫోను చేశాను. కారణం నోట రాలేదు. నిన్న నాలుగుసార్లు చేశాను, నువ్వు ఎత్తలేదు. నా నంబరు చూస్తే అదీ ఎత్తడం లేదు. రైలెక్కుదామని స్టేషనుకు వెళ్ళి టికెట్ కూడా తీసుకున్నాను. నీ ముఖం చూసి ఎలా చెప్పను? బండి వచ్చింది, వెళ్ళింది. తిరిగి వచ్చి ఇది రాస్తున్నాను.

నన్ను తిట్టుకో. ముందు మంచం తీయించు.

చూడామణి


భావనపాడు,
4 సెప్టెంబరు 2024.

అక్కయ్యకు,

నీ స్పీడ్ పోస్టు పదిహేనో తారీకు సెలవు దాటి పదిహేడున అందింది. మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా అవే మాటలున్నాయి.

రాగసుధతో కప్పు కారుతోందని అబద్ధం చెప్పి మంచం ఇంట్లోకి మార్పించాను. పాఠాలు వరండాలోకి తెచ్చాను. మీ మరిదికి కూడా చెప్పలేదు. పోతురాజును పిలిచి గుంటలు తవ్వించాలనుకున్నాను. అతను వేటలో ఉన్నాడు, వచ్చేసరికి వాన పట్టుకుంది.

అల్పపీడనం సంగతి నువ్వూ వినే ఉంటావు. రెండు రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. శనివారం సాయంత్రానికి పెరట్లో మోకాలి లోతు నీళ్ళు. కొబ్బరిచెట్ల వైపు మూల కింద నుంచి ఇసుక పాయగా వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. గ్రావెల్ అలాగే ఉంది అక్కా, పలకలాగా. దాని కింద ఏమీ లేదు. హార్మోనియం లోపలే ఉండిపోయింది. నాన్నగారిది. తెచ్చేద్దామని వెళ్ళాను. మీ మరిది వద్దని అరుస్తున్నారు. దాన్ని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చేసరికి గాలి ఒక్క విసురు విసిరింది. గది దిమ్మల మీద నుంచి జారింది. తలుపు చట్రం నా ఎడమ చేతి మీద పడింది. మణికట్టు విరిగింది. టెక్కలిలో కట్టు వేశారు. తిత్తి ఊదే చెయ్యి అది.

పోతురాజు వచ్చి చట్రం ఎత్తి నన్నూ హార్మోనియాన్నీ బయటికి లాగాడు. "సెప్పినాను కదమ్మా" అని ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

రాగసుధ నా మంచం పక్కన కూర్చుని "అమ్మ పడుకోవద్దన్న గది నిలవలేదు పిన్నీ. అమ్మకు ఎలా తెలిసింది?" అని అడిగింది. నీ ఉత్తరం నా దిండు కింద ఉంది.

నేను చెప్పను. నా నోటితో దానికి నీ మీద చెడు చెప్పను. అలాగని ఊరుకోనూ లేను. నువ్వు వచ్చి చెప్పు. వస్తే పనిముట్లు తెచ్చుకో. పలకలు పెరట్లోనే ఉన్నాయి.

విశాలి


గరివిడి,
2 అక్టోబరు 2024.

విశాలీ,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. నీ ఇంట్లో పదిహేడు రోజులు ఉన్నాను. మొదటి మూడు రోజులూ నువ్వు నాకు అన్నం పెట్టావు కానీ మాట్లాడలేదు. నువ్వు ఒంటి చేత్తో వడ్డిస్తుంటే తినడం కష్టంగా ఉండేది. ఆ తర్వాత మనం మాట్లాడుకున్నవన్నీ సిమెంటు, కంకర, బోల్టుల సంగతులే. నీకు చెప్పాల్సినది ఒకటి ఉండిపోయింది. ఎదురుగా చెప్పలేకపోయాను.

కట్టు చూపించుకోవడానికి నువ్వూ మీ ఆయనా టెక్కలి వెళ్ళిన రోజు, నేను ఈశాన్యం మూల గుంటలో ఉన్నాను. మూడున్నర అడుగుల దగ్గర బంకమట్టి పొర తగిలింది. పోతురాజు పైన ఇనప కడ్డీలు వంచుతున్నాడు. అతను నీళ్ళకు వెళ్ళగానే రాగసుధ మట్టి అందుకోవడానికి గట్టు మీద కూర్చుంది. అప్పుడు చెప్పాను. ఇసుక అని తెలిసీ గుంటల మాట రాయలేదే అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. పెళ్ళి, నాన్నగారు, అన్నీ.

అది తట్ట కింద పెట్టింది. నా వైపు తిరిగింది. గుంటలో ఉన్నాను కాబట్టి తల ఎత్తి చూడాల్సినది నేనే.

"నేను అందులో పడుకుంటున్నానని తెలిశాక ఫోన్ చేశావు" అంది.

"అవును."

"నేను రాకపోయుంటే? పిన్ని, ఆ పిల్లలు మాత్రమే ఉండుంటే చెప్పేదానివా అమ్మా?"

నేను ఇంకో పార మట్టి ఎత్తాను. పోతురాజు బిందెతో వచ్చాడు. అది లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నువ్వు గమనించే ఉంటావు. మూడోనాడు కాంక్రీటు పోసేటప్పుడు తనంతట తానే వచ్చి నీళ్ళ గొట్టం పట్టుకుంది. "ఎడమ పక్క అర అంగుళం దిగింది" అంది. అంతే. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

దానికి చెప్పని జవాబు నీకు రాస్తున్నాను. చెప్పి ఉండేదాన్ని కానేమో విశాలీ. కనీసం వాన వచ్చేదాకా చెప్పేదాన్ని కాదు. నిన్ను చంపాలని నాకెప్పుడూ లేదు. నువ్వు పడిపోతే చూడాలని ఉండేది. అది నిన్ను చంపగలదని చూసుకోలేదు. ఇది రాసి చదువుకుంటే ఎవరో పరాయి మనిషి రాసినట్టుంది. కానీ దస్తూరీ నాదే.

ఈర్ష్య పోయిందని రాయను. గది తిరిగి నిలబెట్టిన రోజు పిల్లలు నీ చుట్టూ చేరారు. గున్నమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మగోరు బలే కట్టినారు. ఇంక సముద్రం ఒచ్చినా కదల్దు" అంది. ఒక్క నిమిషం కడుపు నిండింది. అంతలో లోపల రాగసుధ పాట ఎత్తుకుంది, గున్నమ్మ నా చెయ్యి వదిలేసి కిటికీ దగ్గరకు వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పాత నొప్పే. అక్కడే నిలబడి ఓర్చుకున్నాను. పాట బాగుంది. నిజంగా బాగుంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని వినలేదు, ఎవరెవరు వింటున్నారో చూస్తూ ఉండిపోయాను.

రాగసుధ దసరా తర్వాత కూడా అక్కడే ఉంటానంటే ఉండనీ. ఇది తెలియజేయడం కాదు, నిన్ను అడగడం. దాన్ని చూసుకో.

ఈ ఉత్తరాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

నీ అక్క
చూడామణి


భావనపాడు,
14 అక్టోబరు 2024.

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం పండగ ముందే వచ్చింది. చదివి మడత పెట్టి, పండగ అయ్యేదాకా దాని జోలికి వెళ్ళలేదు. ఆ ప్రశ్న నేనూ అడుగుదామనుకున్నాను, నువ్వు ఇక్కడున్న పదిహేడు రోజులూ. అడిగితే "ఛ, అవేం మాటలే" అంటావని, నేను నమ్మినట్టు నటించాల్సి వస్తుందని అడగలేదు. నువ్వు రాశావు. కోపం వచ్చింది. రెండు పూటలు అన్నం సయించలేదు. మూడో పూట ఆకలేసింది.

రాగసుధకు చూపించలేదు. తానే ఎప్పుడో నిన్ను అడుగుతుంది. అప్పుడు చెప్పుకో.

కట్టు విప్పారు. వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. తిత్తి రాణి ఊదుతోంది, నేను కుడి చేత్తో మెట్లు నొక్కుతున్నాను. ఇద్దరి చేతులతో ఒక హార్మోనియం. పిల్లలకు నవ్వే నవ్వు. నువ్వు వెళ్ళాక రెండు వానలు పడ్డాయి. రాతి అంచు దగ్గర నీళ్ళు ఆగి పక్కకు పోతున్నాయి. గది కదల్లేదు.

ఒక చిన్న సంగతి. కిటికీ రెక్క చెమ్మకు ఉబ్బిపోయి పట్టేస్తోంది. గట్టిగా లాగితే కీలు ఊడొచ్చేలా ఉంది. నిన్ను అడుగుదామని మొన్న కాగితం తీశాను. నువ్వు రాసింది నమ్మొచ్చా అని మనసులో ఒక మాట వచ్చింది. కాగితం మళ్ళీ లోపల పెట్టేశాను. ఆ మాట వచ్చినందుకు నీ మీద కంటే నా మీదే జాలేసింది. నిన్న మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టేశాను.

ఇవాళ అడుగుతున్నాను. రందా పట్టించి అంచు చెక్కించాలా, ఎండలు వచ్చేదాకా ఆగాలా? టేకు పలక, ముప్పావు అంగుళం మందం, సముద్రం వైపు కిటికీ.

రాయి.

విశాలి